దెబ్బ తగలకుండా పసిబిడ్డ తలలో రక్తం చేరుతుందా?

కడప_మేనమామ: మా చెల్లెలి కొడుకుకు 40 రోజులు. మొన్న పొద్దున్నుంచి పాలు తాగలే, తాగిందీ కక్కేసినాడు. ఒళ్ళు తెల్లగా పాలిపోయింది, మాడు ఉబ్బింది, సాయంత్రానికి ఫిట్స్. సీటీ తీస్తే మెదడు చుట్టూ రక్తం చేరిందన్నారు. బిడ్డను కింద పడేసి దాస్తాందని అత్తగారు మా చెల్లెల్ని పీక్కతింటాంది. దెబ్బ లేకుండా ఇట్లా అవుతాదా?

రాజంపేటోడు: ఏమనుకోవద్దన్నా, ఊరికే రక్తం యాడ నుంచి వస్తాది? ఉయ్యాల్లోంచి జారిందేమో. ఎవరన్నా గట్టిగా ఊపినారేమో. డాక్టర్లే అడుగుతారు గదా.

పిల్లలవార్డు_నర్సు, కర్నూలు: అడుగుతారు, అడగాల్సిందే. గట్టిగా ఊపితే పుర్రెకూ మెదడుకూ మధ్యనున్న సన్న సిరలు తెగుతాయి. కానీ దానితో పాటే అడగాల్సింది, పుట్టినప్పుడు తొడకు విటమిన్ కె సూది వేసినారా అని. ఆ విటమిన్ పుట్టిన బిడ్డ ఒంట్లో తక్కువ, తల్లిపాలల్లోనూ తక్కువే. అది లేక రక్తం గడ్డకట్టదు. ఒట్టి తల్లిపాల మీదున్న బిడ్డకు నెలా రెండు నెలలప్పుడు, ఏ దెబ్బా లేకుండానే తలలో రక్తం చేరొచ్చు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పీటీ, ఐఎన్ఆర్ పరీక్షలు చూసినారా? బాగా పెరిగి ఉండి, విటమిన్ కె ఇచ్చిన కొన్ని గంటలకే దిగొస్తే సంగతి తేలినట్టే.

అనంత_తల్లి: మావాడికి మాడు మీద అల్ట్రాసౌండ్ తీసి ఏమీ లేదన్నారు. మరుసటి రోజు సీటీలో బయటపడింది. రేడియేషన్ అని భయపడి ఒక రోజు పోగొట్టుకుంటిమి.

పిల్లలవార్డు_నర్సు, కర్నూలు: అవునమ్మా. అల్ట్రాసౌండ్‌లో నడిమి భాగం బాగా కనబడుతుంది, పక్కన పుర్రెకు అంటుకున్న పల్చటి రక్తం తప్పిపోవచ్చు. ఫిట్స్ వచ్చిన బిడ్డకు సీటీ వద్దనకూడదు. అన్నా, కొంచెమే ఉంటే రక్తం గడ్డకట్టించే పదార్థాలున్న ప్లాస్మా ఎక్కించి కనిపెట్టుకుని ఉంటారు. ఒత్తిడి ఎక్కువైతే మాడు అంచులోంచి సూదితోనో, పుర్రెకు చిన్న రంధ్రం చేసో తీస్తారు. రక్తం గడ్డకట్టే గుణం సరిచేయకుండా కోత పెడితే ఇంకా ప్రమాదం.

రాజంపేటోడు: మా జేజి తొమ్మిదిమందిని కనింది, ఏ సూదీ ఎరగదు.

పిల్లలవార్డు_నర్సు, కర్నూలు: ఎంతమంది నిలబడినారో కూడా అడిగిరా నాయనా. పుట్టిన ప్రతి బిడ్డకూ 1 మి.గ్రా. వేయాలని కేంద్రం 2014లోనే చెప్పింది. కిలో లోపు బిడ్డకైతే అందులో సగం.

కడప_మేనమామ: కాన్పు జరిగిన నర్సింగ్ హోమ్ చీటీలో సూది మాటే లేదు. ఐఎన్ఆర్ నిన్న 7, రాత్రికి 1.4. కాగితం అత్తగారికి చూపిస్తి. ఆమె ఏమీ మాట్లాడలే. పొద్దున చెల్లెలికి ఆసుపత్రికి అన్నం క్యారేజీ తెచ్చింది.