సెనెటర్ పండక్కి రాకపోతే ఏమైంది? వర్జీనియా తెలుగువాళ్ళూ, మీరేమంటారు

ఉత్తర వర్జీనియా నాన్న:
మొన్న గుడి పార్కింగ్‌లో మొదలైన వాదన అరగంటైనా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఒక పెద్దాయన "పండక్కి వచ్చి నాలుగు మాటలు మాట్లాడని స్టేట్ సెనెటర్‌కి ఓటెందుకు వెయ్యాలి? మా ఊళ్ళో ఎమ్మెల్యే అయితే పెళ్ళికి పిలిస్తే వచ్చి అక్షింతలు వేసి వెళ్ళేవాడు" అన్నారు. నేను రాకపోయినా పర్వాలేదన్నాను, ఇప్పటికీ అదే అంటున్నా.

ఎందుకో చెప్తా. రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో సభ జనవరి రెండో బుధవారం మొదలవుతుంది. సరి సంవత్సరాల్లో 60 రోజులు, బేసి సంవత్సరాల్లో ఒకటిన్నర నెల, అంతే. సెనెట్‌లో, అంటే రాష్ట్ర ఎగువ సభలో, ఉన్నది 40 మంది, ఒక్కొక్కరి కింద సుమారు 2,15,000 మంది జనం. జీతం ఏడాదికి 18,000 డాలర్లు, దాంతో ఇక్కడ ఇంటద్దె కూడా గడవదు కాబట్టి చాలామందికి వేరే ఉద్యోగం ఉంటుంది. ఉన్న కాస్త టైమ్‌లో ఆ మనిషి బిల్లు చదవాలా, శాలువాలు కప్పించుకుంటూ తిరగాలా?

అక్కడ ఒక్క సీటు కూడా ఎంత బరువో చూడండి. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2019లో రిచ్‌మండ్ వైపు ఒక సీటు గెలిచారు, ఆ ఎన్నికతోనే సెనెట్ డెమొక్రాట్ల చేతికి 21–19తో వచ్చింది. 2021లో ఈ రాష్ట్రం మరణశిక్ష రద్దు చేసింది, అమెరికా దక్షిణాదిలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం ఇదే. పార్టీ ఏదైనా కానివ్వండి, నాకు సెనెటర్ అంటే ఆ ఓటే.

నెల్లూరు కోడలు:
అన్నయ్యా, మీరు చెప్పింది బాగానే ఉంది కానీ మీకింకా అవసరం పడలేదనుకుంటా. మా మామయ్యగారు గ్రీన్ కార్డ్ మీద వచ్చారు. ఆయన పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరూ అసలు పేరూ కలిపి ఒకే గడిలో వేసేశారు, దాంతో మొదటి పేరు దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" అని పడింది, అంటే మొదటి పేరు తెలియదని. ఇన్సూరెన్స్‌లో ఒకలా, అద్దె కాగితంలో ఇంకోలా. రాష్ట్రం ఐడీ కార్డు కోసం మూడుసార్లు తిరిగాం. ఎవరి తప్పూ కాదు, మన పేర్లే అంత. కానీ ఆయన ప్రతిసారీ కోటు వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, వెనక్కి వచ్చేటప్పుడు కార్లో ఒక్క మాట మాట్లాడేవారు కాదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, రిటైరైన హెడ్మాస్టర్, "నా పేరేంటో నేనే రుజువు చేసుకోలేకపోతున్నానమ్మా" అన్నారు ఒకరోజు.

మా సెనెటర్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను. నాలుగో రోజు అక్కడ పనిచేసే అమ్మాయి ఫోన్ చేసి, ఏ కాగితం ముందు సరిచేయించాలో, ఏది వెంట తీసుకెళ్ళాలో వరసగా చెప్పింది. రెండు వారాల్లో కార్డు వచ్చింది. మేమిద్దరం హెచ్1బీ మీద ఉన్నాం, మాకు ఓటే లేదు. మీకు ఓటుందా అని ఆ అమ్మాయి అడగనే లేదు, ఎక్కడ ఉంటారు అని మాత్రం అడిగింది. నాకు సెనెటర్ అంటే ఆ ఫోన్.

గుంటూరు శీను:
మంచి మాట చెప్పారు. ఇంకోటి కూడా మనవాళ్ళు తెలుసుకోవాలి, నియోజకవర్గాలు గీసేటప్పుడు లెక్కేసేది జనాభా లెక్కల్లో ఉన్న అందర్నీ, ఓటర్లని మాత్రమే కాదు. మనం కూడా ఆ 2,15,000లో ఉన్నాం. కానీ దయచేసి వీసా స్టాంపింగ్, గ్రీన్ కార్డ్ బ్యాక్‌లాగ్ గురించి స్టేట్ సెనెటర్‌కి రాయకండి, అది వాషింగ్టన్ పని, దానికి కాంగ్రెస్‌మన్ ఆఫీసు ఉంది. సుహాస్ సుబ్రమణ్యం స్టేట్ సెనెట్ నుంచి 2025 జనవరిలో కాంగ్రెస్‌కి వెళ్ళాక, ఆ ఖాళీ సీటుకి కన్నన్ శ్రీనివాసన్ గెలిచారు. ఇద్దరి పనీ ఒకటే అనుకునేవాళ్ళు మా బిల్డింగ్‌లోనే ఉన్నారు.

ఉత్తర వర్జీనియా నాన్న:
చెల్లెమ్మా, మీ మామయ్యగారి సంగతి చదివి మనసు చివుక్కుమంది. మా నాన్నగారికీ ఇదే ఎఫ్‌ఎన్‌యూ. కానీ ఆ పని చేసింది ఆఫీసులో ఉన్న అమ్మాయి. ఇంకో ఇద్దర్ని ఆఫీసులో పెట్టండి, బాగుంటుంది. సెనెటర్ మాత్రం సభలో ఉండాలి.

ఓరుగల్లు వాడు:
నాన్నగారూ, ఇక్కడే మీతో గొడవ. వర్జీనియాలో వీధి పని, సభ పని అని రెండు వేరువేరుగా లేవు. చాలా రాష్ట్రాల్లో వీధి రోడ్లు కౌంటీవి, అంటే మన జిల్లా లాంటి స్థానిక పాలనవి. ఇక్కడ 1932లో చట్టం చేసి కౌంటీ రోడ్లని రాష్ట్రం తీసుకుంది, ఆర్లింగ్టన్, హెన్రైకో లాంటివి తప్ప మన ఇళ్ళ మధ్య వీధులు కూడా రాష్ట్రానివే. మా కమ్యూనిటీ కొత్తది. మంచు పడ్డాక మూడు రోజులు ఎవరూ తియ్యలేదు, చివరింట్లో నెల పాప, వాళ్ళాయన గుమ్మం నుంచి మెయిన్ రోడ్డు దాకా పారతో దారి చేసుకున్నాడు. కౌంటీని అడిగితే రాష్ట్రం అన్నారు, రాష్ట్రాన్ని అడిగితే మీ వీధి ఇంకా మా లిస్టులో లేదన్నారు. బిల్డర్ పనులు పూర్తి చేసి అప్పగిస్తేనే రాష్ట్రం తీసుకుంటుందని, అప్పటిదాకా బాధ్యత బిల్డర్‌దేనని, కౌంటీ దగ్గర అతను హామీగా కట్టిన బాండు ఉంటుందని మాకు చెప్పింది సెనెటర్ ఆఫీసే. ఈ ముడి వేసింది చట్టం, విప్పాల్సిందీ చట్టమే. మా వీధికి వచ్చి చూడకుండా ఆ చట్టంలో ఏం మార్చాలో ఎలా తెలుస్తుంది?

గుంటూరు శీను:
దీనికి తోడు డిల్లన్ రూల్. రాష్ట్రం ఇచ్చిన అధికారం తప్ప కౌంటీకి సొంతంగా ఏమీ లేదు. ఇండియన్ స్టోర్లో బిల్లు దగ్గర సామాన్లు వేసిచ్చే ప్లాస్టిక్ కవర్‌కి 5 సెంట్లు పడుతోంది కదా, ఆ పన్ను వేసుకోవచ్చని 2020లో రిచ్‌మండ్ ఒప్పుకున్నాకే ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలు 2022లో మొదలుపెట్టాయి. స్కూల్ దగ్గర స్పీడ్ కెమెరా కూడా అంతే, 2020 చట్టం వచ్చాకే.

రాజమండ్రి పద్మ:
నేను రిచ్‌మండ్ వెళ్ళి మాట్లాడి వచ్చినదాన్ని, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి. పొద్దున్న నాలుగున్నరకి బయల్దేరాం. డేటా సెంటర్ల హోరు గురించి. మా ఇంటి వెనక రాత్రి రెండింటికి కిటికీ మూసినా ఒక గుయ్‌మనే శబ్దం, ఫ్రిజ్ మోటార్ ఆగకుండా తిరుగుతున్నట్టు, మా అబ్బాయి చెవి మీద దిండు పెట్టుకుని పడుకుంటాడు. కమిటీ గదిలో మాకు ఇచ్చింది తలా ఒక నిమిషం. నేను కాగితం మీద రాసుకున్నది సగం కూడా కాకముందే టైమ్ అయిపోయింది. మా ముందు వచ్చిన వేరే బిల్లుని "నిరవధికంగా పక్కన పెడుతున్నాం" అని ఒక్క వాక్యంతో చంపేశారు, దాని కోసం వచ్చిన ముసలావిడ ఇంకా కుర్చీలోంచి లేవనేలేదు.

ఆ నిమిషంలో ఎవరి మనసూ మారదు. ముందే మారాలి, అది నవంబర్‌లోనో, డిసెంబర్‌లోనో, మన ఊళ్ళో, మన ఇంటి వెనక నిలబడి ఆ శబ్దం విన్నప్పుడు జరుగుతుంది. 2025లో పెద్ద డేటా సెంటర్‌కి అనుమతిచ్చే ముందు దగ్గర్లోని ఇళ్ళకీ బళ్ళకీ ఎంత శబ్దం పడుతుందో చూడాలనే బిల్లు రెండు సభలూ దాటింది, అప్పటి గవర్నర్ యంగ్‌కిన్ వీటో చేశారు. వీటోని కొట్టెయ్యాలంటే సెనెట్‌లో 27 ఓట్లు కావాలి. డెమొక్రాట్లకి అప్పుడున్న 21 మందితో కాదది. అవతలి పార్టీ సెనెటర్ల ఇళ్ళ చుట్టూ ఉన్న జనం కూడా అడగాలి. సభలో ఓటు ఒక్కటే సెనెటర్ పని అనడం నాకు అందుకే నచ్చలేదు నాన్నగారూ.

బందరు మాస్టారు:
బాబూ, పార్కింగ్‌లో నీతో వాదించింది నేనే. మా మనవరాలు ఇది చదివి వినిపించింది, తనే టైప్ చేస్తోంది. నేను శాలువాల కోసం అనలేదయ్యా. మా ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆఫీసుకి ఫోన్ చెయ్యలేదు, మెయిల్ రాయలేదు, రిచ్‌మండ్ అసలే వెళ్ళలేదు. పండగ రోజు మాత్రం పట్టుచీర కట్టుకుని మొదటి వరసలో కూర్చుంటుంది. పొద్దున్న పార్కుకి నడిచి వెళ్ళే దారిలో రోడ్డు దాటడానికి గీతలు లేవు, రెండుసార్లు కారు కింద పడబోయింది. ఆ మాట పెద్దమనిషి ఎదురుగా నిలబడి, మనవరాలిని పక్కన పెట్టుకుని చెప్పగలిగే చోటు దానికి ఇంకెక్కడుంది, నువ్వే చెప్పు.

ఉత్తర వర్జీనియా నాన్న:
మాస్టారూ, క్షమించండి, ఆ రోజు మీ మాట పూర్తిగా వినలేదు. పార్కింగ్‌లో గొంతు పెంచాను కూడా. సభ నడిచే రోజుల్లో పండగల వెంట తిరగకూడదన్న మాట మీద ఇప్పటికీ ఉన్నా. కానీ మిగతా పది నెలలు ఎక్కడుండాలో మీరూ, పద్మగారూ చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. అమ్మగారు నడిచే ఆ రోడ్డు పేరు మనవరాలి చేత నాకు పంపించండి. అది రాష్ట్రం రోడ్డో కాదో ఓరుగల్లు తమ్ముడు చూసి చెప్తాడు, మెయిల్ నేను రాస్తా, అమ్మగారి పేరు మీదే. పద్మగారూ, ఈసారి రిచ్‌మండ్ వెళ్ళే రోజు ముందే చెప్పండి. నా వ్యాన్‌లో ఆరుగురు పడతారు.