లోలకంతో జీ కొలిస్తే 10.8 వస్తోంది, తప్పెక్కడో చెప్పరూ

ప్రశ్న (జెడ్పీ హైస్కూలు ఫిజిక్స్ టీచర్)

అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతికి గురుత్వాకర్షణ పాఠం నడుస్తోంది. బోర్డు మీద జీ (గురుత్వ త్వరణం, అంటే కిందపడే వస్తువు వేగం సెకనుకి ఎంత పెరుగుతుందో ఆ అంకె) 9.8 అని రాసేసే బదులు పిల్లల చేతే కొలిపిద్దామనిపించింది. మా ల్యాబ్ అంటే ఒక బీరువా, దాని తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అందుకని కిటికీ ఊచలకే లోలకాలు కట్టించాను. ఆరు జట్లు, దారం చివర లారీ బోల్టుకి ఉండే పెద్ద నట్టు. ఊచ నుంచి నట్టు మధ్య వరకు సరిగ్గా 100 సెం.మీ. టేపు పెట్టి నేనే చూశాను. పీఈటీ సార్ స్టాప్‌వాచ్‌లు రెండు, టీచర్ల ఫోన్లు నాలుగు.

20 డోలనాలకు (నట్టు వెళ్లి తిరిగొస్తే ఒక డోలనం) పట్టిన సెకన్లు వరసగా: 38.1, 38.2, 38.0, 38.3, 40.2, 38.1.

జీ = 4π² × పొడవు ÷ (ఒక డోలనానికి పట్టే సమయం)² అనే సూత్రంతో లెక్క కడితే ఐదో జట్టుకి 9.77 వచ్చింది. మిగతా అందరికీ 10.8, 10.9 అలా తేలుతోంది. ఐదో జట్టువాళ్లు పుస్తకంలో అంకె చూసి వెనక్కి లెక్కేసుకుని రాశారేమోనని నా అనుమానం. అడిగితే ఆ జట్టులో లెక్కపెట్టిన అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. రేపు మళ్లీ క్లాసుంది. ఐదు జట్లకీ ఒకే తప్పు ఎలా వస్తుంది?

జవాబు 1

మేడమ్, పిల్లలు ఎంత దూరం లాగి వదిలారు? మా వాళ్లయితే ఉయ్యాల అనుకుని నడుము ఎత్తు దాకా లాగేస్తారు. కోణం పెద్దదైతే ఆ సూత్రం పనికిరాదు. పది డిగ్రీలు దాటనివ్వకండి.

జవాబు 2

పై సార్ చెప్పింది నిజమే గానీ ఇక్కడ అది కాదు. కోణం పెరిగితే డోలనం నెమ్మదిస్తుంది, అంటే జీ తగ్గాలి. 30 డిగ్రీలు లాగితే సమయం దాదాపు 1.7 శాతం పెరిగి, జీ 9.45 దగ్గరకి దిగిపోతుంది. మేడమ్‌కి పెరిగింది. దారం సాగినా అంతే, జీ తగ్గుతుందే తప్ప పెరగదు.

ఇంకొకటి, స్టాప్‌వాచ్ నొక్కడంలో అటూ ఇటూ కలిపి 0.3 సెకను తేడా వచ్చినా 40 సెకన్లలో అది ఒక శాతం కూడా కాదు. పైగా ఒకరు ముందు నొక్కితే ఇంకొకరు ఆలస్యంగా నొక్కుతారు. ఐదుగురూ ఒకేలా రెండు సెకన్లు తక్కువ రాయరు.

జవాబు 3 (రిటైర్డ్ లెక్చరర్)

అమ్మా, ఆ రెండు సెకన్ల దగ్గరే ఆగి చూడు. 40.2కీ 38.1కీ తేడా 2.1. మీటరు లోలకం ఒక్క డోలనానికి పట్టే సమయం రెండు సెకన్లు. అంటే నీ ఐదు జట్లూ 19 డోలనాలు చూసి 20 అని రాశాయి.

పిల్లలు నట్టు వదులుతూనే “ఒకటి” అంటారు. అప్పటికి ఒక్క డోలనమూ పూర్తికాలేదు. వెళ్లి తిరిగొచ్చాక “రెండు” అంటారు. “ఇరవై” అని వాచీ ఆపేసరికి జరిగినవి 19. ఇరవైని పంతొమ్మిదితో భాగించి వర్గం చేస్తే 1.108. దాన్ని 9.78తో గుణించు, 10.84 వస్తుంది. నీ అంకె అదే.

మా నాన్న కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు, “లాభం” అనేవాడు. తర్వాత రెండు, మూడు. కానీ ఆ లాభం కుంచం నిండి గోనెలో పడ్డాకే. కుంచం వడ్లలో ముంచుతూనే లాభం అంటే రైతుకి ఒక కుంచం కలిసొస్తుంది, కొన్నవాడు ఊరుకోడు. మీ పిల్లలు కుంచం ముంచుతూనే లాభం అన్నారు.

ఐదో జట్టు ఎలా లెక్కపెట్టిందో అడుగు. దొంగలెక్క అని తేల్చేముందు అడగాల్సింది అదే.

జవాబు 4

మాస్టారి మాటకి చిన్న చేర్పు. వదిలిన వెంటనే వాచీ నొక్కనివ్వకండి. నాలుగైదు సార్లు ఊగనిచ్చి, నట్టు మధ్య స్థానం దాటుతున్నప్పుడు “సున్నా” అని నొక్కాలి. చివర్లో నట్టు ఒక్క క్షణం ఆగినట్టు ఉంటుంది, ఎప్పుడు తిరిగిందో కంటికి తెలియదు. మధ్యలో వేగం ఎక్కువ కాబట్టి దాటిన క్షణం స్పష్టంగా దొరుకుతుంది. వెనక గోడ మీద సుద్దముక్కతో నిలువు గీత గీస్తే చాలు. కాకపోతే ఒక డోలనంలో నట్టు ఆ గీతను రెండుసార్లు దాటుతుంది. ఒకే దిక్కుగా దాటినప్పుడే లెక్కపెట్టాలి. రెండు దిక్కులా లెక్కపెడితే జీ 39 వస్తుంది, మా స్కూల్లో ఆ ముచ్చటా జరిగింది.

అడిగినవారు (మర్నాడు సాయంత్రం)

మాస్టారూ, మీరన్నదే. “వదిలేటప్పుడు ఒకటి అనండి” అని చెప్పింది నేనే! ఐదో జట్టులో ఆ అమ్మాయి మాత్రం వాళ్లక్క దగ్గర నేర్చుకుని సున్నా నుంచి మొదలుపెట్టిందట. క్లాసులో అందరి ముందూ సారీ చెప్పి, అందరికీ లెక్కపెట్టడం నేర్పే పని తనకే ఇచ్చాను.

ఇవాళ్టివి: 40.1, 40.3, 40.2, 40.0, 40.2, 40.4. జీ 9.68కీ 9.87కీ మధ్య. ఇప్పుడు ఒకడు “9.8 రాలేదు కదా టీచర్, మనది తప్పేనా?” అంటున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు 3

తప్పు కాదని చెప్పు. అందరూ కొలిచినదాని సగటు తీయించు. అసలు 9.8 కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. మన తెలుగు నేల మీద 9.78 చిల్లర. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పారిస్‌లో సరిచేసిన లోలకం గడియారాన్ని దక్షిణ అమెరికాలోని కయెన్‌కి తీసుకెళ్తే, అది రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకం పొడవు తగ్గించుకోవాల్సి వచ్చింది. ఆ కథ చెప్పు, పిల్లలు వింటారు.

జవాబు 2

మేడమ్, ఇంకో పీరియడ్ దొరికితే గ్రాఫ్ గీయించండి. 40, 60, 80, 100 సెం.మీ. పొడవులకి ఆవర్తన కాలం (ఒక్క డోలనానికి పట్టే సమయం) కనుక్కుని, దాని వర్గాన్ని పొడవుకి ఎదురుగా పెట్టండి. గీత వాలు సుమారు 4.03 రావాలి, పొడవు మీటర్లలో వేస్తే. నాకు నచ్చేది ఏంటంటే, గ్రాఫ్ తప్పు రకాన్ని కూడా పట్టిస్తుంది. నట్టు మధ్య వరకు కాకుండా ముడి వరకే కొలిచారనుకోండి, వాలు సరిగానే వస్తుంది, గీత మాత్రం మూలబిందువుకి కాస్త పైనుంచి వెళ్తుంది. లెక్కపెట్టడంలో ఒకటి పోతే గీత మూలబిందువు నుంచే వెళ్తుంది గానీ వాలు 3.64కి పడిపోతుంది.

అడిగినవారు

తప్పకుండా చేయిస్తాను సార్. ఒకే చిక్కు, పొడవు మార్చినప్పుడల్లా ఊచ దగ్గర ముడి విప్పి కట్టడానికే పీరియడ్ అయిపోతుంది. పైగా దారం ఊచకి చుట్టుకుంటోంది.

జవాబు 4

పాత హవాయి చెప్పు ఉందా? రెండు అంగుళాల ముక్క కోసి, బ్లేడుతో మధ్యలో సగం లోతు దాకా చీల్చండి. దారం ఆ చీలికలో దూర్చి, రబ్బరు ముక్కని బెంచీ అంచున పెట్టి పైన రెండు పుస్తకాలు బరువు పెట్టండి. చీలిక అంచు బెంచీ బయటికి రావాలి. పొడవు కొలిచేది ఆ అంచు నుంచే. దారం లాగితే పొడవు మారుతుంది, వదిలితే పట్టు బిగుస్తుంది. మీటరు పొడవుకి బెంచీ ఎత్తు చాలదు, టేబుల్ మీద స్టూలు ఎక్కించుకోండి.