జైలులో మందులిచ్చే సైకియాట్రిస్టే కోర్టుకు నివేదిక ఇవ్వవచ్చా?

తెల్లకోటు:
జైలు క్లినిక్కులో కొంతకాలం పనిచేశాను. మందులు రాసే డాక్టరునే కోర్టు కూడా అడుగుతుంది: ఇతనికి విచారణ అర్థమవుతుందా, నేరం జరిగినప్పుడు ఇతని మానసిక స్థితి ఎలా ఉండేది అని. ఈ రెండు పనులూ ఒకరికే అప్పగించకూడదని నా అభిప్రాయం. “గొంతులు ఇంకా వినిపిస్తున్నాయా?” అని అడిగి, వచ్చిన జవాబును నివేదికలో రాసి పంపితే ఆ ఖైదీ మళ్లీ నోరు విప్పడు. నోరు విప్పని మనిషికి మోతాదు పెంచాలో తగ్గించాలో ఎలా తేల్చేది? మీరేమంటారు?

పంతులు_ఉత్తరాంధ్ర:
డాక్టరు గారూ, బయటి నుంచి వచ్చే డాక్టరు గంటసేపు చూసి సంతకం పెట్టి వెళ్తాడు. నటన సంగతి రోజూ చూసేవారికే తెలుస్తుంది. జైలు గడప తొక్కగానే మతి పోయినవాళ్లను చాలామందిని చూశాం.

తెల్లకోటు:
నటించేవాళ్లు లేరనను. నటించనివాళ్లే ఎక్కువ. జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారు బెంగళూరు సెంట్రల్ జైలులో 5,024 మందిని పరీక్షించి 2011లో నివేదిక ఇచ్చారు. 79.6 శాతం మందిలో మానసిక వ్యాధో, మత్తు సమస్యో కనిపించింది.

పంతులు_ఉత్తరాంధ్ర:
మత్తును కూడా కలిపారన్నమాట! ఆ లెక్కన మా వీధిలో సర్వే చేసినా అంతే వస్తుంది. తాగుబోతులను తీసేసి చెప్పండి.

తెల్లకోటు:
తీసేస్తే 27.6. అయినా ఎందుకు తీసేయాలి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో వచ్చే మానసిక స్థితులనూ మానసిక వ్యాధిగానే లెక్కిస్తుంది. రోజూ తాగే మనిషిని అరెస్టు చేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఒంటి మీద లేని పురుగులను దులుపుకుంటాడు. నటన అని వదిలేస్తే ప్రాణమే పోవచ్చు.

పంతులు_ఉత్తరాంధ్ర:
80 ఎక్కడ, 27 ఎక్కడ? ముందు పెద్ద అంకె చూపించి, అడిగాక చిన్నది బయటపెట్టారు. కోర్టులోనూ ఇలాగే చెబుతారు కాబోలు.

మామిడితోట:
అంకెల గొడవ ఆపి ప్రశ్నకు రండి.

పాత_గుమాస్తా:
కోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇద్దరు డాక్టర్లు ఉండాలనడం బాగుంది, ఒక్కరు దొరకడమే కష్టం. ఆస్పత్రికి తీసుకెళ్లే రోజున ఎస్కార్టు పోలీసులు ఉండరు, వాయిదా పడుతుంది. వేరే జైలుకు మారిస్తే మనిషి ముందు వెళ్తాడు, మందుల చీటీ తర్వాత ఎప్పుడో చేరుతుంది. ఇంకో విడ్డూరం: అదే చట్టం 103వ సెక్షన్ ప్రకారం జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి “మా జైలులో మానసిక రోగులు లేరు” అని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ధ్రువీకరణ పంపాలి. అదే సెక్షన్ రాష్ట్రంలో కనీసం ఒక జైలు ఆస్పత్రి విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం పెట్టాలనీ అంటుంది. రోగులు లేకపోతే కేంద్రం ఎవరికి?

పంతులు_ఉత్తరాంధ్ర:
చట్టాలు తర్వాత. డాక్టరు గారూ, మీరు మొదటి నుంచీ “ఆ ఖైదీ”, “ఆ రోగి” అంటున్నారు. చచ్చిపోయినవాడి గురించి ఒక్క మాటైనా రాశారా? మా అన్నయ్యను గట్టు తగాదాలో నరికేశారు. వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ ఒకటే కాగితం: “ముద్దాయి విచారణకు ఇంకా సిద్ధంగా లేడు.” మా వదిన బస్సెక్కి వచ్చి ఆ కాగితం విని తిరిగి వెళ్తుంది. రేపు పిచ్చివాడని వదిలేస్తారు. ఇంటికి వచ్చేస్తాడు.

తెల్లకోటు:
అలా నేరుగా ఇంటికి పంపరు పంతులు గారూ. మతిస్థిమితం లేదన్న కారణంతో నిర్దోషి అన్నా, ఆ పని అతనే చేశాడా లేదా అన్నది తీర్పులో స్పష్టంగా రాయాలి. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ చట్టం) స్థానంలో వచ్చిన ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో అది 373వ సెక్షన్. చేశాడని తేలితే ఏం చేయాలో 374 చెబుతుంది: సురక్షిత నిర్బంధంలో ఉంచవచ్చు, లేదా హామీ తీసుకుని బంధువులకు అప్పగించవచ్చు.

పంతులు_ఉత్తరాంధ్ర:
చేశాడని రాస్తారా? నాకు కావలసింది అదే. ఉరి వేయమని నేను అడగలేదు. కానీ అది రాయాలన్నా విచారణ జరగాలిగా! విచారణ జరగాలంటే అతనికి నయం కావాలి. వాడికి నయం కావాలని మీకన్నా ఎక్కువగా కోరుకునేది నేనే.

తోబుట్టువు:
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. మా తమ్ముడు విచారణ ఖైదీ. స్కిజోఫ్రెనియా, లేని గొంతులు వినిపించే జబ్బు. నయమైతే బోను ఎక్కిస్తారు, శిక్ష వేస్తారు అని మా నాన్న భయం. ములాఖత్‌కు వెళ్లినప్పుడల్లా “మాత్రలు మింగకు” అని చెప్పి వస్తాడు. మందులిచ్చే ఆ డాక్టరే సర్టిఫికెట్ కూడా ఇస్తాడని మా వాళ్లకు తెలుసు. అందుకే ఆయన్ని నమ్మరు.

తెల్లకోటు:
మొదటి పోస్టులో నేను అడిగింది దీని గురించే అమ్మా. మాత్ర ఇచ్చే చెయ్యి, సంతకం పెట్టే చెయ్యి వేరైతే మీ నాన్నగారికి చెప్పడానికి నా దగ్గర ఒక మాట ఉంటుంది. ఇప్పుడు లేదు. మందు మానితే తప్పించుకోవడం కాదు, లోపలే ఉండిపోవడం. నయమైనవాళ్లే లోపల మిగిలిపోయిన సందర్భాలున్నాయి. అస్సాంలో మచల్ లాలుంగ్ అనే అతన్ని 1951లో అరెస్టు చేశారు. నయమైందని తేజ్‌పూర్ ఆస్పత్రి 1967లోనే చెప్పింది. ఇంటికి కాకుండా గువాహటి జైలుకు పంపారు. 2005లో ఒక్క రూపాయి బాండు మీద వదిలారు.

పాత_గుమాస్తా:
ఆయన విషయంలో డాక్టర్లు తమ పని చేశారు. ఫైలు కదపనివాళ్లు మా లాంటివాళ్లు.

పంతులు_ఉత్తరాంధ్ర:
తోబుట్టువు గారూ, మీ తమ్ముడు మాత్రలు మింగుతున్నాడా?

తోబుట్టువు:
మీకు చెప్పను.

పంతులు_ఉత్తరాంధ్ర:
చూశారా డాక్టరు గారూ! ఈ విషయం రోజూ చూసే డాక్టరుకు తెలుస్తుంది, కోర్టుకు మాత్రం తెలియకూడదంటారా? నేను ఒప్పుకోను.

తెల్లకోటు:
తెలియకూడదనే అంటాను. ఆమె తమ్ముడి విషయంలోనూ, మీ అన్నయ్య కేసులోనూ.