చర్చ: మలేషియాలో వారం రోజులు. కారు మనమే నడపాలా, డ్రైవరుతో బండి మాట్లాడుకోవాలా?

కావలి టీచరమ్మ

దసరా సెలవుల్లో మలేషియా పోదామనుకుంటున్నాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. మద్రాసు నుంచి కౌలాలంపూరుకి నేరుగా నాలుగు గంటల విమానం. మొదట రెండు రోజులు సిటీ, తర్వాత కొండలు, పల్లెలు చూసి వెనక్కి రావాలని. మావారేమో ఎయిర్‌పోర్టులో దిగగానే కారు అద్దెకు తీసుకుని వారమంతా మనమే నడుపుకుందాం అంటున్నారు. అక్కడా మనలాగే ఎడమవైపు నడపడం, స్టీరింగు కుడివైపే, ఇంకేం కావాలి అని ఆయన వాదన. మా అన్నయ్యేమో పరాయి దేశంలో పిల్లల్నీ పెద్దావిడనీ పెట్టుకుని ఆ సాహసం ఎందుకు, డ్రైవరుతో వ్యాను మాట్లాడుకోండి అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. నాకూ లైసెన్సు ఉంది, నేనూ నడుపుతాను. ఏ పక్షమైనా సరే, కారణంతో సహా చెప్పండి.

స్టోన్‌హౌస్‌పేట

నడపండక్కా, ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. నెల్లూరు ట్రంకు రోడ్డులో సాయంత్రం పూట బండి తోలినోళ్ళకి యాడైనా తోలడం కష్టం కాదు. ఆడ రోడ్లు బాగుంటాయి, గేదెలు అడ్డం రావు, రాంగ్ రూటులో ఆటోలు ఎదురు రావు. డ్రైవర్ని పెట్టుకుంటే వాడు ఆపిన చోటే ఆగాలి, వాడు చూపించిన కొట్లోనే కొనాలి. మన కారైతే దారిలో నచ్చిన చోట దిగి పిల్లలకి కొబ్బరిబోండాం తాగించి మళ్ళీ కదలొచ్చు.

ఒంగోలు డిపో

తమ్ముడూ, నీ మొదటి మాట నేను ఒప్పుకోను. నా సర్వీసంతా ఆర్టీసీ స్టీరింగు మీదే గడిచింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. మన హైవే మీద లారీ కుడి లైను పట్టుకుని జరగదు. హారన్ కొట్టి కొట్టి చివరికి ఎడమ పక్క నుంచి దూరి వెళ్ళిపోతాం. ఒంగోలు నుంచి మద్రాసు దాకా అందరం చేసేది అదే. మలేషియా హైవే మీద ఎడమ నుంచి దాటడం నేరం. కుడి లైను దాటడానికే, దాటగానే ఎడమకి వచ్చేయాలి. హైవే పరిమితి గంటకి 110 కిలోమీటర్లు. వెనక ఆ వేగంతో వచ్చేవాడు నువ్వు పక్కకి తప్పుకుంటావన్న నమ్మకంతోనే వస్తాడు. ఎడమ అంచున ఖాళీగా కనిపించే లైను ఆపద వచ్చినప్పుడు ఆగడానికి. జామయింది కదా అని అందులోకి దూరితే అది ఇంకో కేసు.

చేతికి పట్టిన అలవాటు వారంలో వదలదమ్మా. మనిషి అలిసినప్పుడు ముందు బయటికి వచ్చేది అదే. మీ ఇంట్లో అలిసేది ఎవరు? మీ ఆయన. కొండెక్కినా దిగినా ఆయన కళ్ళు రోడ్డు మీదే. సెలవు మీకు, డ్యూటీ ఆయనకి. మీ అన్నయ్య చెప్పింది సబబుగా ఉంది.

కందుకూరు కోడలు

నేను పెటాలింగ్ జయలో ఉంటాను, కౌలాలంపూరుని ఆనుకునే మా ఊరు. రోజూ నడుపుతాను కాబట్టి నాకు తెలిసింది చెప్తా. ఎయిర్‌పోర్టు సెపాంగ్‌లో, ఊరికి యాభై కిలోమీటర్ల పైన. ఆ రోడ్డు సుఖంగానే ఉంటుంది. చిక్కంతా ఊళ్ళోకి వచ్చాకే. ఫ్లైఓవరు మీద ఫ్లైఓవరు, ఒక్కో చోట మూడు దారులు ఒకేసారి చీలతాయి. ఫోన్లో మ్యాపు "ఎడమకి ఉండండి" అంటుంది, ఎడమకే రెండు దారులుంటాయి. తప్పు ఎగ్జిట్ తీసుకుంటే వెనక్కి తిరిగే చోటు కోసం ఎంతో దూరం పోవాలి, మధ్యలో టోలు కూడా పడుతుంది. వానపడితే మోటారు సైకిళ్ళన్నీ వంతెన కింద ఆగిపోయి ఒక లైను మాయమవుతుంది.

టోలు సంగతి ముందే తెలుసుకోండి. మనకి ఫాస్టాగ్ ఉంది, వెంకటాచలం దగ్గర అద్దం కూడా దించకుండా వచ్చేస్తాం. ఇక్కడ అద్దె కారులో టచ్ అండ్ గో అనే కార్డు ఉండాలి. అద్దం దించి, చెయ్యి బయటికి చాపి కార్డు తాకించాలి. ఉత్తర దక్షిణ హైవే మీద ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు అదే కార్డుతో మళ్ళీ తాకించాలి. దూరాన్ని బట్టి డబ్బు కోస్తుంది. నోట్లు ఇస్తామంటే కుదరదు. కార్డులో డబ్బు లేకపోతే గేటు లేవదు, వెనక బండ్లు నిలిచిపోతాయి. పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో డబ్బు వేయించుకోవచ్చు. బయలుదేరే ముందే వేయించుకోండి.

హైవే పక్క ఊరు, నెల్లూరు

పెద్దాయనా, మీ మాటలో సగం నిజం. ఎడమ పక్క దూరే అలవాటు గురించి మీరు చెప్పింది ప్రతి ఇంట్లో గోడకి అంటించుకోవాలి. కాకపోతే దాని మీద మీరు తేల్చింది నాకు సరిగా అనిపించలేదు. ఇక్కడ కారా, డ్రైవరా అని కొట్లాడుకుంటున్నారు. అసలు అడగాల్సింది కారు ఏ రోజు నుంచి, ఏ రోజు దాకా అని.

టీచరమ్మా, సిటీలో ఉన్న రెండు రోజులూ కారు జోలికి పోవద్దు. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోని పెద్ద రైల్వే స్టేషను కేఎల్ సెంట్రల్‌కి ఎక్స్‌ప్రెస్ రైలు అరగంట. ఊళ్ళో మెట్రో, ఎల్ఆర్‌టీ ఉన్నాయి, పెద్దావిడ ఉన్నారు కాబట్టి గ్రాబ్ ట్యాక్సీ ఫోన్లో పిలుచుకోండి. మురుగన్ గుడి ఉన్న బత్తు గుహలకి కూడా లోకల్ రైలు మెట్ల దాకా పోతుంది. సిటీలో అద్దె కారు పెట్టుకుంటే పార్కింగుకి కట్టడం, దారి తప్పడం తప్ప ఇంకో ప్రయోజనం లేదు.

మూడో రోజు పొద్దున కేఎల్ సెంట్రల్‌లో ఈటీఎస్ అనే ఫాస్ట్ రైలెక్కి ఉత్తరాన ఉన్న ఇపో ఊరికి పోండి. రెండున్నర గంటల ప్రయాణం. కారు అక్కడ తీసుకోండి, అక్కడే తిరిగి అప్పజెప్పండి. వేరే ఊళ్ళో వదిలితే అదనంగా కట్టాలి. ఇపో అటు పల్లె కాదు, ఇటు మహానగరమూ కాదు. రోడ్లు వెడల్పు, ట్రాఫిక్ మన నెల్లూరు మినీబైపాసు కంటే నెమ్మది. కొత్త బండి చేతికి అలవాటు కావడానికి అంత మంచి చోటు లేదు. సున్నపురాయి కొండల గుహల్లో గుళ్ళు అక్కడే ఉన్నాయి. బటూ గాజా దగ్గర కెల్లీ కోట చూడండి. స్కాట్లండు నుంచి వచ్చిన తోటల దొర కట్టించడం మొదలుపెట్టి, 1926లో చనిపోతే అట్టాగే సగంలో ఆగిపోయిన కట్టడం. దాన్ని కట్టడానికి మన దక్షిణాది కూలీలు చెమటోడ్చారు.

కామెరాన్ కొండలకి రెండు దార్లు. తాపా నుంచి పోయే పాత రోడ్డు ఇరుకు, అరవై కిలోమీటర్లూ మలుపులే, పిల్లలకి వాంతులు ఖాయం. ఇపో పక్కన సింపాంగ్ పులాయ్ నుంచి ఎక్కే రోడ్డు వెడల్పుగా ఉంటుంది, మలుపులు నిదానం. ఇపోలో కారు తీసుకోమనడానికి ఇదీ ఒక కారణం. పైన సుమారు 1,500 మీటర్ల ఎత్తు, తేయాకు తోటలు. శని ఆదివారాలు మాత్రం పోవద్దు. కొండ మీద ఊళ్ళ మధ్య ఉన్నది ఒక్కటే రోడ్డు, స్ట్రాబెర్రీ కొట్ల ముందు బండ్లు కదలవు. మీరు పోయేది అక్టోబరు కాబట్టి మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడుతుంది. ఘాటు ఎక్కడం, దిగడం రెండూ పొద్దున పూటే పెట్టుకోండి.

మార్కాపురం పలక

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు నడిపినవాళ్ళకి సింపాంగ్ పులాయ్ రోడ్డు భయం లేదు. ఒక్కటే, దిగేటప్పుడు ఆటోమేటిక్ బండిని డీలో వదిలేసి బ్రేకు తొక్కుతూ రాకూడదు. లోయర్ గేరు ఎక్కడుందో, ఎట్టా వేయాలో బండి తీసుకునేటప్పుడే అడిగి చూసుకోండి.

స్టోన్‌హౌస్‌పేట

ఇంత లెక్క పెట్టుకుంటే ఇంక స్వేచ్ఛ యాడిది? యూరప్ పోయి ఇటలీలో నడుపుకోండి, పల్లెలంటే అవీ.

హైవే పక్క ఊరు, నెల్లూరు

స్టోన్‌హౌస్‌పేట అన్నా, మొదటిసారి నడిపేవాళ్ళని కుడివైపు నడిపే దేశానికి పంపడం మంచిది కాదు. ఇటలీ పాత ఊళ్ళ నడిబొడ్డులో బయటి కార్లు దూరకూడని ప్రాంతాలుంటాయి, కెమెరా నంబరు పట్టుకుంటుంది, జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది, దాని మీద అద్దె కంపెనీ ఫీజు వేరే. యూరప్‌కి షెంజెన్ వీసా పని కూడా ఉంది. మలేషియాకి మనవాళ్ళు 30 రోజుల దాకా వీసా లేకుండా పోవచ్చు, ఆ వెసులుబాటు 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. అక్కడ దిగే రోజుకి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్లో అరైవల్ కార్డు నింపితే చాలు.

ఒంగోలు డిపో

ఇపోలో కారు అన్నది బాగుంది. కానీ ఐదుగురు, ఐదు పెట్టెలు. చిన్న కారులో ఎట్టా పడతారు? వ్యాను, డ్రైవరు అయితే ఆ బాధ ఉండదు. ఖర్చు కూడా రోజుల లెక్కన చూస్తే పెద్ద తేడా రాదని నా నమ్మకం. ప్రమాదం జరిగితే పోలీసు స్టేషను చుట్టూ తిరిగేది డ్రైవరు, మనం కాదు.

కందుకూరు కోడలు

బాబాయ్ అడిగింది అసలైన ప్రశ్న. ఇక్కడ అద్దెకిచ్చే చిన్న కారు మైవీలో ఐదుగురు కూర్చుంటారు, పెట్టెలు పట్టవు. ఆల్జా ఏడు సీట్లది, వెనక వరస మడిచేస్తే ఐదుగురికీ సామానుకీ సరిపోతుంది. అది తీసుకోండి. వెనక కూర్చున్నవాళ్ళు కూడా సీటు బెల్టు పెట్టుకోవాలని ఇక్కడ 2009 నుంచి చట్టం. చిన్నపిల్లలకి వేరే సీటు ఉండాలన్న నిబంధన 2020లో వచ్చింది. అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో పోవడం మానేయాలి. పిల్లల వయసు చెప్పి సీటు ముందే అడగండి.

ప్రమాదం గురించి: బీమా ఉందని అద్దె కంపెనీ చెప్తుంది. ఉన్నా, కొంత మొత్తం దాకా నష్టం మన నెత్తినే పడుతుంది. ఆ మొత్తం ఎంతో, టైర్లూ ముందు అద్దం అందులోకి వస్తాయో రావో సంతకానికి ముందే చదవండి. మాకు తెలిసిన ఒక కుటుంబం దగ్గర బంపరు కింద పాత గీతకి డిపాజిట్టులో డబ్బు పట్టుకున్నారు. వీడియో తీయలేదు కాబట్టి వాదించలేకపోయారు. బండి చుట్టూ తిరిగి, వంగి, బంపరు కింద కూడా తీసుకోండి. పెట్రోలు ముల్లు ఫోటో కూడా. డిపాజిట్టు నడిపే మనిషి పేరు మీదున్న క్రెడిట్ కార్డు మీదే పట్టుకుంటారు, మన డెబిట్ కార్డు తీసుకోకపోవచ్చు.

కావలి టీచరమ్మ

అందరికీ నమస్కారాలు. లైసెన్సు సంగతి ఎవరైనా చెప్తారా? ఆన్‌లైన్లో ఇంటర్నేషనల్ లైసెన్సు ఇంటికే పంపిస్తామని ప్రకటనలు వస్తున్నాయి.

మార్కాపురం పలక

వాటి జోలికి పోవద్దు మేడం. పర్మిట్ మన ఆర్టీవో ఆఫీసే ఇస్తుంది. రవాణా శాఖ సారథి సైటులో ఫారం 4ఏ నింపాలి, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. వైద్య సర్టిఫికెట్, వీసా కావాలన్న షరతులు 2022లో తీసేశారు. దాంతోపాటు మన అసలు లైసెన్సు కార్డు, పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. ఇద్దరూ నడపాలంటే ఇద్దరూ పర్మిట్ తీసుకుని ఇద్దరి పేర్లూ అద్దె ఒప్పందంలో రాయించండి. పేరు లేనివాళ్ళు నడుపుతుండగా ఏదైనా జరిగితే బీమా పనికిరాదు.

హైవే పక్క ఊరు, నెల్లూరు

ఇద్దరి పేర్లూ రాయించమన్నది నేనూ గట్టిగా చెప్తా. పెద్దాయన చెప్పిన "సెలవు మీకు, డ్యూటీ ఆయనకి" అన్నదానికి అదే జవాబు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు.

ఇంకో మాట, కారు ఎందుకని అడిగితే నా మనసులో ఉన్న అసలు కారణం. ఇపోకి నైరుతిగా, తెలుక్ ఇంతాన్ దాటాక, సముద్రం పక్కన బాగాన్ దాతుక్ ఉంది. కొబ్బరి తోటల్లో పనికి బ్రిటిష్ కాలంలో వెళ్ళిన తెలుగువాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులో జరిగాయంటే ఇట్టాంటి కుటుంబాలు ఆ దేశంలో ఉండబట్టే. ఏ టూరు వ్యానూ ఆ దారి పట్టదు, రైలు పోదు. మీ అత్తగారు అక్కడ దిగి తెలుగులో పలకరిస్తే తెలుగులో బదులొస్తుంది. అంత దూరం పోయి జంట టవర్ల ముందు ఫోటో దిగి వచ్చేస్తే నాకు బాధేస్తుంది.

ఒంగోలు డిపో

డ్రైవర్ని మాట్లాడుకున్నా బాగాన్ దాతుక్ తీసుకుపోతాడు, చెప్పాలి అంతే. నా మాట మీదే నేనున్నా. అయినా మీరు నడిపేట్టయితే, చీకటి పడ్డాక నడపం అని ఇంట్లో ముందే ఒప్పందం చేసుకోండి.

కావలి టీచరమ్మ

మావారు ఇపో ప్లాను చదివి ఒప్పుకున్నారు. అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు, ఆయనకి ఈ పేజీ పంపాను. పర్మిట్‌కి ఇద్దరం సోమవారం అప్లై చేస్తున్నాం. కందుకూరు అక్కా, బాగాన్ దాతుక్‌లో రాత్రి ఉండటానికి చోటు దొరుకుతుందా, లేక పొద్దున పోయి సాయంత్రానికి ఇపో వచ్చేయాలా?

కందుకూరు కోడలు

వచ్చేయొచ్చమ్మా, ఇపో నుంచి దూరం వంద కిలోమీటర్లకి కాస్త పైన. పొద్దున టిఫినయ్యాక బయలుదేరి తెలుక్ ఇంతాన్‌లో ఒరిగిన గడియారం గోపురం చూసుకుని పోండి. బాగాన్ దాతుక్‌లో నాకు తెలిసిన తెలుగు కుటుంబం ఉంది, అడిగి చెప్తా. తేదీలు ఖరారయ్యాక నాకు విడిగా మెసేజ్ పెట్టండి.