జీపీఎక్స్, జీడీబీ, ఫిట్ ఫైళ్ళన్నీ కలిపి ఒక్క కేఎంఎల్ చెయ్యాలండి, డ్రైను గీత రాకుండా పిన్నులు వస్తున్నాయి

శివారు ఆయకట్టు:

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురానికి దిగువన, సముద్రం వైపు. సార్వాలో నాలుగు వానలు గట్టిగా పడితే మా చేలో నీరు దిగదు. పక్కనుంచి పోయే మీడియం డ్రైను తూడుతో, కిక్కిసతో, గుర్రపు డెక్కతో మూసుకుపోయి ఉంది. అర్జీ పెడితే ఎక్కడెక్కడ మూసుకుపోయిందో చూపించమన్నారు. సరే, మ్యాపుతోనే చూపిద్దామని కాలువలకి నీరు కట్టేశాక తలో వైపు గట్టు పట్టుకుని నడిచాం.

నేను ఫోన్లో ఓస్మాండ్ అనే మ్యాపు యాప్‌తో రికార్డు చేశాను, అది జీపీఎక్స్ ఇచ్చింది. మా బావమరిది తన చేతి జీపీఎస్ పరికరం గార్మిన్ ఈట్రెక్స్‌తో నడిచి, గార్మిన్ వాళ్ళ కంప్యూటరు ప్రోగ్రాము బేస్‌క్యాంప్‌లోకి దింపి, జీడీబీ ఫైలు పంపాడు. రొయ్యల చెరువుల వైపు వెళ్ళిన కుర్రాడు చేతి వాచీతో వెళ్ళాడు, అతనిది ఫిట్ ఫైలు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు గూగుల్ ఎర్త్‌లో తప్ప చూడరు, కాబట్టి ఆయనకి కేఎంఎల్ కావాలి.

ఫైళ్ళు మార్చి చూస్తే చిక్కు ఒకటి కాదు. గీత రావాల్సిన చోట అడుగుకో పిన్ను, వాటి కింద డ్రైనే కనపడట్లేదు. భోజనాలకి ఆగి, డ్రైనుకి అవతలి గట్టున మళ్ళీ మొదలెట్టాం కదా, అక్కడ కొబ్బరితోటల మీదుగా, ఎవరిదో డాబా మీదుగా తిన్నగా ఒక గీత పడింది. తూముల దగ్గర కాగితం మీద రాసుకున్న అంకెలు మా అన్నయ్య కొడుకు టైపు చేసిచ్చాడు, తెరవగానే ఎర్త్ గిర్రున తిరిగి ఉత్తరాన మంచు సముద్రంలో దిగింది. పొద్దున ఏడింటికి నడిస్తే ఫైల్లో 01:30 అని ఉంది. అన్నిటికన్నా వింత, మా ఊరి ఎత్తు మైనస్ 60 చిల్లర చూపిస్తోంది. ముంపు ఊరే గానీ మరీ అంత కాదండి!

లాప్‌టాప్ పాతది, నెట్ అంతంతమాత్రం. దారి చెప్పండి.

కాలేజీ కుర్రాడు:

బాబాయ్, నెట్లో కన్వర్టర్లు బోలెడు. ఫైలు పడెయ్యండి, కేఎంఎల్ చేతికొస్తుంది.

లస్కరు గారి మనవడు:

తమ్ముడూ, ఒక్క ఫైలుకైతే అది చాలు. ఈయన దగ్గర మూడు రకాలున్నాయి, పైగా ఆ తిన్నటి గీత చాలా కన్వర్టర్లు గీసేదే.

శివారు గారూ, మా తాతగారు లాకుల మీద లస్కరుగా చేశారు, డ్రైను ఊసెత్తితే నాకు ఊరుకోబుద్ధి కాదు. కాస్త పొడుగ్గా చెప్తాను, విసుక్కోకండి.

ముందు మూడింటినీ జీపీఎక్స్‌లోకి తెచ్చుకోండి. కేఎంఎల్ ఆఖర్న, ఒక్కసారే. ఎక్కడ నడిచారో, ఎన్నింటికి నడిచారో రెండూ జీపీఎక్స్‌లో ఉంటాయి. కేఎంఎల్ చూపించడానికి పుట్టింది, దాన్లో గీత రంగూ లావూ ఉంటాయి, కానీ మామూలు గీతగా మారిస్తే టైములు రాలిపోతాయి. మళ్ళీ వెనక్కి మార్చినా అవి రావు. అసలు ఫైళ్ళు మాత్రం వేరే ఫోల్డర్లో దాచి, వాటి జోలికి వెళ్ళకండి.

జీడీబీతో గొడవే వద్దు. బేస్‌క్యాంప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు జీపీఎక్స్ ఎంచుకోమనండి మీ బావమరిదిని. ఫిట్‌కి మాత్రం జీపీఎస్‌బేబెల్ అనే ఫైళ్ళు మార్చే ప్రోగ్రాము కావాలి. ఉచితం, చిన్నది, పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, ఒకసారి దింపుకుంటే నెట్ అక్కర్లేదు. ఇన్‌పుట్ దగ్గర గార్మిన్ ఫిట్, ఔట్‌పుట్ దగ్గర జీపీఎక్స్ పెట్టండి. మధ్యలో వేపాయింట్లు, రూట్లు, ట్రాకులు అని మూడు టిక్కులుంటాయి, ట్రాకులు, అంటే నడిచిన దారులు, ఒక్కటే ఉంచండి.

మీ పిన్నుల సంగతి. జీపీఎస్‌బేబెల్‌తోనే మార్చి ఉంటారని నా అనుమానం. కేఎంఎల్ రాసేటప్పుడు అది గీతతోపాటు ప్రతి బిందువుకీ ఒక గుర్తు పెడుతుంది, మనం వద్దంటే తప్ప. ఔట్‌పుట్ ఆప్షన్లలో పాయింట్స్ అని ఉంటుంది, దాన్ని సున్నా చెయ్యండి. లైన్స్ ఉంచండి. పిన్నులన్నీ పోయి గీత మిగులుతుంది.

తిన్నటి గీత ఎలా వస్తుందంటే, జీపీఎక్స్‌లో ఒక ట్రాకు లోపల సెగ్మెంట్లని ముక్కలుంటాయి. రికార్డింగు ఆపి మళ్ళీ మొదలెడితే కొత్త ముక్క మొదలవ్వాలి. ముక్కకీ ముక్కకీ మధ్య గీత ఉండకూడదు. ఫైళ్ళని కలిపేటప్పుడు అన్నిటినీ ఒకే ముక్కలో పోస్తే, భోజనానికి ఆగిన చోటునుంచి అవతలి గట్టుకి ప్రోగ్రాము తనంతట తనే గీసేస్తుంది. జీపీఎస్‌బేబెల్ ఫిల్టర్లలో ట్రాకుని విడగొట్టేది ఉంది, ఇంత దూరం లేదా ఇంత సేపు ఖాళీ ఉంటే తెంపెయ్యమని చెప్పొచ్చు. ఓస్మాండ్‌లో అయితే ట్రాకు రూపం సెట్టింగుల్లో ఖాళీలు కలిపే ఆప్షను ఆన్‌లో ఉందేమో కూడా చూడండి.

తూముల అంకెలు తారుమారయ్యాయి. మనం మాటల్లో ముందు అక్షాంశం చెప్తాం, 16.5, తర్వాత 82. కేఎంఎల్‌లో ముందు రేఖాంశం రాయాలి, కామా, తర్వాత అక్షాంశం. మీ వాడు అలవాటు ప్రకారం రాస్తే 82 డిగ్రీల ఉత్తరం, 16.5 డిగ్రీల తూర్పు అయింది. అది నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవులకీ పైన. మీ తూములకి అక్కడ గుర్రపు డెక్క బెడద మాత్రం ఉండదు.

01:30 సరైన టైమే. జీపీఎక్స్‌లో టైము యూటీసీలో, అంటే లోకమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైములో ఉంటుంది, మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందు. దాన్ని దిద్దకండి. ఫోటోలని ట్రాకుతో జత చేసే ప్రోగ్రాముంటే అక్కడ ఆ తేడా చెప్తే చాలు.

గౌతమి అవతల:

ఎత్తు సంగతి నేను చెప్తానండి, సర్వే పనుల్లో దీనితో రోజూ తగువే.

శాటిలైట్ల సాయంతో జీపీఎస్ లెక్క కట్టే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు. భూమిని నున్నటి దీర్ఘగోళంగా ఊహించుకుని, దాని పైనుంచి కొలుస్తుంది. అసలు సముద్రమట్టం ఆ ఊహాగోళంతో కలవదు. శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో వంద మీటర్లకి పైగా కిందికి ఉంటుంది, లోకంలో అంత దిగిన చోటు ఇంకోటి లేదు. ఆ పల్లం ప్రభావం మన తీరం దాకా ఉంది, అందుకే కోనసీమలో ఫోను మైనస్ అంకెలు చూపిస్తుంది. గార్మిన్ ఆ తేడా తనే సర్దుకుని సముద్రమట్టం నుంచి చెప్తుంది. ఓస్మాండ్‌లో సర్దుబాటు ఫైలు వేరే దింపుకోవాలి. మీ రెండు ట్రాకులు పక్కపక్కన పెడితే ఒకటి ఇంటి అరుగు మీద, ఇంకోటి పాతాళంలో ఉంటాయి.

గూగుల్ ఎర్త్ ప్రో జీపీఎక్స్‌ని నేరుగా తెరుస్తుంది. తెరిచేటప్పుడు ఎత్తులు నేలకి సర్దమంటారా అని అడుగుతుంది, టిక్కు పెట్టండి. లేకపోతే ఆ మైనస్ వల్ల గీత నేలలోపలికి పోయి కనపడకుండా పోవచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఈ ఎత్తులతో డ్రైను వాలు లెక్కేసి అర్జీలో రాయకండి. మన డెల్టాలో డ్రైను వాలు కిలోమీటరుకి సెంటీమీటర్ల లెక్క, ఫోను జీపీఎస్ ఎత్తులో తేడా మీటర్ల లెక్క. నీరు ఎటు పారుతుందో ఇది చెప్పలేదు, ఏ ఫైల్లోకి మార్చినా చెప్పలేదు. దానికి లెవెల్ యంత్రం, స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకుని దిగాల్సిందే. వాలు రాస్తే ఏఈ గారు ముందు దాన్నే పట్టుకుంటారు, మూసుకుపోయిన చోట్ల సంగతి పక్కకి పోతుంది.

శివారు ఆయకట్టు:

మనవడు గారూ, మీ అనుమానం నిజమేనండి, బేబెల్‌తోనే మార్చాం. పాయింట్స్ సున్నా చేశాక గీత చక్కగా వచ్చింది. తూములు కూడా స్వాల్‌బార్డ్ నుంచి ఊరికొచ్చేశాయి. గౌతమి గారూ, వాలు రాసేవాళ్ళమే, మీరు చెప్పడం మంచిదైంది, ఆ పేరా తీసేయిస్తాను.

ఇంకో రెండు చిక్కులు. ఒకే గట్టు మీద నేను, బావమరిది కలిసి నడిచిన ముక్కలో నా ఫోను దూరం ఎక్కువ చూపిస్తోంది. రెండోది, మూసుకుపోయిన చోట్ల గుర్తులకి ఫోటోలు పెట్టి పంపాం. నా లాప్‌టాప్‌లో కనిపిస్తున్నాయి, ఏఈ గారి దగ్గర ఖాళీ డబ్బాలొస్తున్నాయట.

లస్కరు గారి మనవడు:

దూరం పెరగడానికి కారణం మీరు నిలబడిన చోట్లు. చెట్టు కింద ఆగి మాట్లాడుతుంటే మీరు కదలకపోయినా జీపీఎస్ చుక్క మీ చుట్టూ తిరుగుతుంది, ఆ తిరుగుడంతా కిలోమీటర్లలో కలుస్తుంది. కొబ్బరాకు కింద మరీను. జీపీఎస్‌బేబెల్‌లో సింప్లిఫై ఫిల్టరు వేసి బిందువులు తగ్గించండి, వంపులు పోకుండా చూసుకుంటూ. అర్జీలో రాసే దూరానికి మాత్రం ఎర్త్‌లో రూలర్‌తో డ్రైను మధ్యగా మీరే గీసి కొలవండి, నేనైతే అదే నమ్ముతాను.

ఫోటోలు కేఎంఎల్ లోపల ఉండవు, మీ లాప్‌టాప్‌లో ఏ ఫోల్డర్లో ఉన్నాయో ఆ దారి మాత్రమే ఉంటుంది. ఆయన మిషన్‌లో ఆ ఫోల్డరు లేదు కదా. ఎర్త్ ప్రోలో అన్నీ ఒక ఫోల్డర్‌లోకి లాగి, దాని మీద కుడి క్లిక్ చేసి, సేవ్ చేసేటప్పుడు కేఎంజెడ్ ఎంచుకోండి. ఫోటోలు కూడా అందులోకే సర్దుకుంటాయి. పంపే ముందు వేరే వాళ్ళ కంప్యూటర్లో ఒకసారి తెరిచి చూసుకోండి.