మాదే ఒరిజినల్ చర్చి అని ఎవరైనా చెప్పుకోవచ్చా? (చెన్నైలో మళ్లీ బాప్తిస్మం గొడవ)

ఒంగోలు_కుర్రోడు:

అందరికీ వందనాలు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది ఒంగోలు పక్కన పల్లె, తాతల కాలం నుంచి బాప్టిస్టులం, నేను పదో తరగతి సెలవుల్లో మునక బాప్తిస్మం తీసుకున్నా. ఉద్యోగం వల్ల రెండేళ్లుగా చెన్నై, వేళచ్చేరిలో రూమ్. ఇక్కడ తెలుగులో ఆరాధన జరిగే ఒక చిన్న సంఘానికి పోతున్నా (పేరు చెప్పను). పాటలు బాగుంటాయి, ఆదివారం మధ్యాహ్నం భోజనం పెడతారు, పప్పుచారు అచ్చం మన రుచే. అంతా బాగుంది అనుకుంటుంటే పోయిన నెల పాస్టరు గారు పక్కకి పిలిచి, బల్లలో (ప్రభు భోజనంలో) చెయ్యి వెయ్యాలంటే మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలి బ్రదర్ అన్నారు. నాకు తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చారు కాబట్టి చెల్లదంట, యేసు నామంలో ఇస్తేనే చెల్లుద్దంట, అలా ఇస్తాం కాబట్టి ఆదిమ సంఘం మాదే, మిగతావన్నీ మనుషులు పెట్టిన మిషన్లు అంట.

రూముకొచ్చి చెప్తే మా రూమ్మేటు (కోట్టయం, సిరియన్ క్రిస్టియన్) పడీ పడీ నవ్వాడు. మాది క్రీ.శ. 52లో యేసు శిష్యుడు తోమా గారు స్వయంగా పెట్టింది, మీది నిన్న గాక మొన్న అమెరికావాళ్లు వచ్చి పెట్టింది, ఇంక ఆయనది ఎప్పటిదో ఆయనకే తెలియాలి అన్నాడు. ఆఫీసులో ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) అమ్మాయి ఒకామె, పేతురు ఎక్కడుంటే అదే ఒరిజినల్ అంటది. అమ్మకి ఫోన్ చేస్తే, నువ్వు గాని మళ్లీ మునిగావంటే మీ నాన్నమ్మ సమాధిలోంచి లేచొస్తది అంది.

నా డౌటు ఒక్కటే. చరిత్ర ప్రకారం చూస్తే ఎవరైనా ఒకళ్లు మాదే మొదటిది అనొచ్చా లేదా? తిట్టుకోకుండా చెప్పండి ప్లీజ్.

ఫిరంగిపురం_పిల్ల:

ఆఫీసులో ఆ అమ్మాయి నేను కాదు కానీ నేనూ ఆర్‌సీఎమ్మే, కాబట్టి మా వైపు వాదన సరిగ్గా చెప్తా. మత్తయి 16:18 (పేతురుతో, ఈ బండ మీద నా సంఘం కడతా అని యేసు అన్న మాట) అందరికీ తెలుసు. దాని తర్వాత మేం చూపించేది వరస. సుమారు 180లోనే ఐరేనియస్ అనే బిషప్పు రోమా బిషప్పుల పేర్లు వరసగా రాశారు, పేతురు పౌలు నుంచి తన కాలం దాకా. చేతి మీద చెయ్యి వేసుకుంటూ వచ్చిన లైన్ అది. నిన్న మొన్న కట్టిన కథ కాదు.

అయితే మా వాళ్లు కూడా ఇప్పుడు మీ పాస్టరు గారంత గట్టిగా మాట్లాడట్లేదు. 1964లో వాటికన్ సభ రాసిన పత్రంలో క్రీస్తు సంఘం కేథలిక్ సంఘంలో నిలిచి ఉంది అన్నారు గానీ అదీ ఇదీ అచ్చంగా ఒక్కటే అనే పాత మాట వాడలేదు, బయట కూడా సత్యం, పవిత్రత ఉన్నాయన్నారు. ఆ ఒక్క క్రియాపదం మీద మా ఫాదర్లు ఇప్పటికీ వాదించుకుంటారు.

ఇంకో సంగతి, మీరు రేపు కేథలిక్ అవుతానన్నా మీకు మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వరు. నీళ్లు, త్రియేక నామం ఉంటే చాలు, ఒంగోలు బాప్టిస్టు ఇచ్చినా చెల్లుద్ది. మీ సొంత ప్రొటెస్టంటు పాస్టరే కాదంటుంటే రోమా ఒప్పుకోవడం, నవ్వొస్తుంది కదా.

యేసునామం_మాత్రమే:

మనుషుల చరిత్ర ఎందుకు సిస్టర్, వాక్యం చూడండి. అపొ.కా. (అపొస్తలుల కార్యములు) 2:38, 8:16, 10:48, 19:5. నాలుగు చోట్లా ప్రభువు నామమే. అపొస్తలులు చేసింది మేం చేస్తున్నాం, అంతే.

కోట్టయం_కోడలు:

బ్రదర్, మీ రూమ్మేటుకి నా తరఫున ఒక మాట చెప్పండి. నేను నెల్లూరు లూథరన్ని, ఆయనది మలంకర ఆర్థడాక్స్, పెళ్లై పదకొండేళ్లు, అన్నానగర్‌లో ఉంటాం. అత్తగారింట్లో ఏ పండక్కి వెళ్లినా ఈ 52 వినకుండా తిరిగి రాలేదు. నాకు తోమా గారంటే భక్తే. కాకపోతే ఆ ఒక్క తోమా గారి పేరు మీద ఎన్ని సంఘాలున్నాయో మీ వాడిని లెక్కపెట్టమనండి. సిరో మలబార్, సిరో మలంకర, జాకోబైట్, ఆర్థడాక్స్, మార్తోమా, ఇంకా త్రిస్సూర్ వైపు కల్దీయులు. అందరూ 52 వాళ్లే!

పోర్చుగీసు వాళ్లు రాకముందు వీళ్లకి బిషప్పులు పర్షియా నుంచి వచ్చేవాళ్లు. 1599లో ఉదయంపేరూర్‌లో సభ పెట్టి పోర్చుగీసు వాళ్లు వీళ్లని రోమా కిందికి లాగారు. కోపం ముదిరి ముదిరి 1653 జనవరి 3న మట్టాంచేరిలో ఒక సిలువకి మోకులు కట్టి, జనం ఎక్కువై సిలువని అందరూ ముట్టుకోలేక ఆ మోకులు పట్టుకుని, ఇంక జెస్యూట్ల (రోమా వైపు ఫాదర్ల) మాట వినం అని ప్రమాణం చేశారు. తర్వాత కొందరు రోమాకే తిరిగెళ్లారు, మిగతావాళ్లకి 1665లో అంతియొకయ వైపు నుంచి ఒక బిషప్పు వచ్చారు. అంటే పర్షియా, రోమా, అంతియొకయ మూడూ తిరిగాక ఇప్పుడు మేం మొదటి నుంచీ ఇలాగే ఉన్నాం అంటారు. మా ఆయన ముందు అనలేదులెండి.

ఒరిజినల్ ఎవరు అన్నది చివరికి సుప్రీంకోర్టు దాకా పోయింది తెలుసా? జాకోబైట్లు, ఆర్థడాక్స్ వాళ్లు చర్చిల తాళాల కోసం దశాబ్దాలు కొట్టుకుంటే 2017 జూలై 3న తీర్పొచ్చింది, 1934 రాజ్యాంగం ప్రకారం నడవాలి అని. దేశ రాజ్యాంగం కాదండీ, వాళ్ల చర్చి నియమావళి. 52 నాటి సంఘానికి 1934 కాయితం ఆధారమైంది. ఆ రోజు తోమా గారి పండగ కూడాను.

పరంగిమల_పెద్దాయన:

పుట్టి పెరిగింది సెయింట్ థామస్ మౌంట్ కిందే, అరవై ఏళ్లు దాటాయి, ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. మా నాన్న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). ఆ సీఎస్ఐ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, 1947 సెప్టెంబరు 27న సెయింట్ జార్జి కెథడ్రల్లో, ఆంగ్లికన్లు మెథడిస్టులు మిగతావాళ్లు కలిసి. స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నరకి. ఇది పక్కన పెడదాం.

బాబూ, మొదటి సంఘం ఏది అంటే జవాబు కష్టమేం కాదు, యెరూషలేము. యాకోబు పెద్దగా ఉన్న సంఘం, గుడికి వెళ్లే యూదులు, సున్నతి చేసుకున్నవాళ్లు. 70లో గుడి కాలిపోయింది, 135లో రోమా చక్రవర్తి యూదుల్ని ఊళ్లోకే రానివ్వలేదు, దాంతో ఆ యూదు సంఘం అక్కడ ఆగిపోయింది. తర్వాత అక్కడికొచ్చిన బిషప్పులు అన్యజనుల్లోంచి వచ్చినవాళ్లు. అంటే అసలు ఒరిజినల్ అనదగ్గ సంఘానికి ఈ రోజు సొంత వారసులు లేరు. మన అడయార్ మర్రి చూశావా, దివ్యజ్ఞాన సమాజం తోటలో? 1989 తుఫానుకి దాని అసలు మాను పడిపోయింది. ఇప్పుడు మనం చూసి ఫోటోలు తీసుకునేదంతా ఊడలే.

సరే, యెరూషలేము పోతే అంతియొకయ. శిష్యుల్ని మొదట క్రైస్తవులు అన్నది అక్కడే (అపొ.కా. 11:26), పేతురు రోమా కంటే ముందు అక్కడే ఉన్నాడని సంప్రదాయం. ఈ రోజు అంతియొకయ పాట్రియార్కు (బిషప్పులకి పెద్ద) అనే బిరుదు ఎంతమందికి ఉందనుకున్నావు? ఐదుగురికి. గ్రీకు ఆర్థడాక్స్, సిరియన్ ఆర్థడాక్స్, మెల్కైట్, మారోనైట్, సిరియన్ కేథలిక్. ఐదుగురిలో ఒక్కరూ ఆ ఊళ్లో ఉండరు, డమాస్కస్‌లోనో లెబనాన్‌లోనో ఉంటారు.

ఫిరంగిపురం అమ్మాయి చెప్పిన వరస నిజమే. అదే వరస గ్రీకులూ చూపిస్తారమ్మా, ఐదు ప్రాచీన పీఠాల్లో నాలుగు మావైపే, విడిపోయింది రోమా అంటారు. 1054లో ఇద్దరూ ఒకరినొకరు వెలివేసుకుని 1965లో ఆ వెలి ఎత్తేశారు. ఎత్తేశారే గానీ కలవలేదు.

యేసునామం బ్రదర్‌కి ఒక మాట. మీరిచ్చిన నాలుగు రెఫరెన్సులూ కరెక్టే, కాదనను. అపొస్తలుల తర్వాత తరాల వాళ్లది అనుకునే డిడకే అని ఒక చిన్న పుస్తకం ఉంది, 1873లో దొరికింది. అందులో బాప్తిస్మం తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో పారే నీళ్లలో ఇవ్వండి, నీళ్లు చాలకపోతే తల మీద మూడుసార్లు పొయ్యండి అని ఉంది. అదే పుస్తకంలో కొంచెం కిందికొస్తే, బల్లకి ప్రభువు నామంలో బాప్తిస్మం పొందినవాళ్లే రావాలి అనీ ఉంది. రాసినవాళ్లకి ఆ రెండూ ఒకటే! రెంటినీ విడదీసి ఒకటి చెల్లదు అనే బోధ 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక పెంతెకొస్తు కూడికలో మొదలై పెరిగింది. మీది తప్పని అనట్లేదు, కొత్తది అంటున్నా. 1913ది క్రీ.శ. 33లో అపొస్తలుల నాటిది అనకండి.

మళ్లీ ముంచడం గొడవ కూడా పాతదే, 256 ప్రాంతంలో వేరే గుంపుల్లో బాప్తిస్మం పొంది వచ్చినవాళ్లని కార్తేజి బిషప్పు సిప్రియన్ మళ్లీ ముంచాలన్నాడు, రోమా బిషప్పు స్తెఫను అక్కర్లేదన్నాడు. ఇద్దరూ అపొస్తలుల వారసులమనే అన్నారు.

ఫిరంగిపురం_పిల్ల:

మర్రిచెట్టు బాగుంది అంకుల్, కానీ ఆ పోలికతో నేను ఒప్పుకోను. మాను పడిపోయిందని ఊడలన్నీ సమానం అయిపోవు కదా. కొన్ని మాను ఉండగానే నేలలో దిగినవి, కొన్ని మొన్న దిగినవి. పాతది అనడం వేరు, మేమొక్కళ్లమే అనడం వేరు. పాతది అని చెప్పుకునే హక్కు మాకూ గ్రీకులకూ కోట్టయం వాళ్లకూ ఉంది, మీరు దాన్ని కూడా లాగేస్తున్నారు.

పరంగిమల_పెద్దాయన:

ఒప్పుకున్నానమ్మా. ఆ తేడా నేను చెప్పాల్సింది.

ఇంకొకటి గుర్తొచ్చింది. 1 కొరింథీ 1:12లో జట్ల పేర్లున్నాయి, నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను, నేను కేఫావాడను (కేఫా అంటే పేతురే). చివర్లో నేను క్రీస్తువాడను అనేవాళ్లు కూడా ఆ లిస్టులోనే ఉన్నారు. మాకు డినామినేషన్ లేదు అనే ప్రతి సంఘం బోర్డు చూసినప్పుడల్లా నాకు ఆ నాలుగో జట్టే గుర్తొస్తుంది.

ఒంగోలు_కుర్రోడు:

అందరికీ థ్యాంక్స్, రెండుసార్లు చదివా. కోట్టయం_కోడలు అక్కా, సుప్రీంకోర్టు సంగతి రూమ్మేటుకి చెప్తే, అది ఫ్యామిలీ మేటర్ బ్రో అని దుప్పటి కప్పుకున్నాడు. 😄

జూలై 3 అన్నారు కదా, అది చదివి ఒక్క క్షణం ఆగిపోయా. మా వైపు వెలంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి ఒక్క రోజులో బాప్తిస్మం ఇచ్చింది 1878 జూలై 3నే. మా నాన్నమ్మ వాళ్ల తాత అందులో ఒకడని ఇంట్లో చెప్తారు. అది ధాతు కరువు టైము, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, అన్నం కోసం చేరారు అనే మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఓఎంఆర్‌లో మా ఆఫీసు కిటికీలోంచి కనిపించేది అదే కాలువ, ఇప్పుడు గుర్రపుడెక్క, మురుగు తప్ప ఏం లేదనుకోండి. మాది 52 నాటిది కాదు, అంతియొకయ నాటిది అసలే కాదు, అమెరికావాళ్లు వచ్చి పెట్టిందే. కానీ మా ఆ తాతని అంతకాలం ఆపి, వేచి చూసి ఒప్పుకున్నారు, ఆ ఒక్క మునక చెల్లదు అని నా నోటితో నేను అనలేను.

పాస్టరు గారికి రాత్రి మెసేజ్ పెట్టా, ఆరాధనకి వస్తా, బల్ల టైములో వెనక కూర్చుంటా, మళ్లీ మునగను అని. బ్లూ టిక్కులు పడ్డాయి, రిప్లై రాలేదు. ఆదివారం పప్పుచారు ఉంటుందో లేదో చూడాలి.

పెద్దాయన గారూ, కొండ మీద ఆ పాత సిలువ మీద పహ్లవీ లిపి ఉందని మా వాడు అంటున్నాడు, అంటే పర్షియా వాళ్లదేనా? శనివారం పొద్దున్నే ఎండెక్కకముందు ఇద్దరం వద్దామనుకుంటున్నాం. మీరు కిందే ఉంటారు కదా, మెట్ల దారి ఎటు నుంచో చెప్పండి.

పరంగిమల_పెద్దాయన:

ఆ, పహ్లవీయే, 1547లో తవ్వకాల్లో దొరికింది. స్టేషన్లో దిగి ఫోన్ చెయ్యి, నంబరు మెసేజ్‌లో పెడతా. మెట్ల దగ్గరికి నేనే వస్తా, మోకాళ్లు సహకరిస్తే పైదాకా కూడా.