‘హాక్ మౌంటెన్’ను డేగల కొండ అనాలా, గద్దల కొండ అనాలా?

ప్రశ్న (అమలాపురం నుంచి ఒక ఉపాధ్యాయిని)

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో హాక్ మౌంటెన్ అనే కొండ ఉంది. శరదృతువులో ఉత్తరం నుంచి దక్షిణానికి వలస వెళ్ళే వేటపక్షులను, ఆ కొండ కొన మీది బండలపై కూర్చుని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పని 1934లో అక్కడ మొదలైంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కొన్నేళ్ళు తప్ప అది నేటికీ సాగుతోంది. మా పాఠశాల గోడపత్రిక కోసం దీని మీద వ్యాసం రాస్తూ శీర్షిక దగ్గరే ఆగిపోయాను. ‘డేగల కొండ’ అంటే బాగుందని తోటి ఉపాధ్యాయులు అన్నారు. మా అత్తగారు మాత్రం, కొబ్బరితోటలో కాకులకు కూడా కనబడకుండా వచ్చి పిట్టను పట్టుకుపోయేది డేగ అనీ, ఆకాశంలో గుంపుగా తిరిగేవాటిని ఎవరూ డేగలనరనీ, అవి గద్దలేననీ అంటున్నారు. నిఘంటువు తిరగేస్తే రెండూ పక్షులేనని తేలింది, అంతకు మించి తేలలేదు. ఇందులో ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు. ఇంకొక సందేహం కూడా ఉంది. వేడిగాలిలో గుండ్రంగా తిరుగుతూ పైకి లేచే ఈ పక్షుల గుంపును అక్కడివారు ‘కెటిల్’ అంటారు. దానికి తెలుగులో మాట ఉందా?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి, విశ్రాంత తెలుగు పండితులు)

అమ్మా, మీ అత్తగారి మాటే సరైనదని నా అభిప్రాయం. నిఘంటువు మీకు సాయపడకపోవడంలో వింత లేదు. మన పాత నిఘంటుకర్తలకు పక్షులన్నీ ‘పక్షివిశేషము’లే, కొంగను గురించి అడిగినా, పాలపిట్టను గురించి అడిగినా వారి సమాధానం అదే. కాబట్టి ఈ రెండు మాటలూ ఏయే సందర్భాలలో వాడుకలో ఉన్నాయో చూసి తేల్చుకోవలసిందే.

ముందు పుట్టుక చూద్దాం. అమరకోశం సింహాదివర్గంలో పత్రి, శ్యేనము ఒక జంటగా, ఆతాయి, చిల్లము మరొక జంటగా, దాక్షాయ్యము, గృధ్రము ఇంకొక జంటగా వేరువేరుగా ఉన్నాయి. అంటే మీదపడి చంపే పక్షి, ఆకాశంలో తేలుతూ తిరిగే పక్షి, కళేబరాలను తినే పక్షి అనే మూడు తెగలను సంస్కృతం విడదీసింది. తెలుగులో గృధ్రము ప్రకృతి, గద్ద వికృతి అని బడిలో మనమంతా వల్లె వేసినదే. గృధ్రమంటే అసలు రాబందు. మన వాళ్ళు రాబందుకు రాబందు అనే పేరునే ఉంచుకుని, గద్ద అనే మాటను ఆకాశంలో తిరిగే తక్కిన పక్షుల మీదికి జరిపారు. ఆ విధంగా ఒక జాతికి చెందిన మాట తెగల హద్దు దాటి విశాలమైంది. డేగకు ఇటువంటి కథ లేదు. అది దేశ్యపదం, కన్నడంలోనూ ‘డేగె’ ఉంది. శిబి చక్రవర్తి కథలో పావురాన్ని తరుముకుంటూ వచ్చిన శ్యేనాన్ని మనం డేగ అనే చెప్పుకుంటాం. పావురాన్ని గద్ద తరిమిందని చెబితే వినే పిల్లలకు కూడా ఏదో తేడాగా తోస్తుంది.

ఇక ప్రజల నోట ఉన్న పేర్లు చూడండి. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డన్ 1862–64 నడుమ భారతదేశపు పక్షులపై వెలువరించిన గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. ఇంగ్లీషు లిపిలో పడిన ఆ పేర్ల వర్ణక్రమం ఎలా ఉన్నా, అందులో ఒక పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. కోరంగి మడ అడవుల దగ్గర చలికాలంలో నీళ్ళలోకి కాళ్ళు ముందుకు చాచి దూకి చేపను పట్టే ఆస్ప్రేకు ‘కొరమీను గద్ద’ అనే పేరు ఇచ్చాడు. కోతకు వచ్చిన వరిచేల మీద నడుమెత్తు ఎత్తులో అటూ ఇటూ ఊగుతూ ఎలుకలను వెదికే హారియర్‌కు ‘పిల్లి గద్ద’ అన్నాడు. గాలిలో ఒకచోటే నిలబడి రెక్కలాడించే కెస్ట్రెల్‌కు తొండల పేరు కలిపి ‘తొండలదూసి గద్ద’ అన్నాడు. పాముల్ని తినేది ‘పాముల గద్ద’. తోటల్లో తిరిగే షిక్రాకు మాత్రం ‘జాలె డేగ’, పెరెగ్రిన్‌కు ‘భైరి డేగ’ అనే పేర్లు ఉన్నాయి. ఈ చివరి రెండింటిలో ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, వేటగాళ్ళు ముంజేతి మీద పెంచి, మచ్చిక చేసి, పిట్టల మీదికి వదిలినవి అవే. కొరమీను గద్దను, పిల్లి గద్దను ఎవరూ చేతిమీద కూర్చోబెట్టుకుని వేటకు పోలేదు. కాబట్టి డేగ అనే మాట పక్షి ఆకారం కన్నా దాని వృత్తిని చెబుతుందనుకుంటాను: గురిపెట్టి ఒక్క దూకులో కొట్టేది డేగ, తిరిగి తిరిగి, అదను చూసి తన్నుకుపోయేది గద్ద. ‘డేగకన్ను’ వేశాడంటే కాపలా అర్థం వస్తుంది, ‘గద్దలా తన్నుకుపోయాడు’ అంటే దోపిడి అర్థం వస్తుంది. ఈ రెండు మాటల్ని తారుమారు చేసి చూస్తే వాక్యం నిలబడదు. సాళువ నరసింహరాయల వంశనామంలోని సాళువ కూడా వేటడేగ పేరే, గద్ద పేరు కాదు. రాజులు బిరుదుగా పెట్టుకోదగినది ఏదో వారికి తెలుసు.

ఇప్పుడు మీ కొండ దగ్గరికి వద్దాం. హాక్ అన్న ఇంగ్లీషు మాటే అక్కడ వదులుగా ఉంది. ఇంగ్లండులో హాక్ అంటే ప్రధానంగా మన జాలె డేగ తెగ. వెడల్పు రెక్కలతో, విసనకర్ర వంటి తోకతో తేలే పక్షుల్ని వారు బజర్డులంటారు. అమెరికాకు వలస వెళ్ళినవారు అదే బజర్డు తెగను హాక్ అన్నారు. ఆ కొండ మీద సెప్టెంబరు నడుమ ఒక్కొక్క రోజు వేల సంఖ్యలో దాటే బ్రాడ్ వింగ్డ్ హాక్ ఈ రెండో రకానిదే. మన దృష్టిలో అది అచ్చమైన గద్ద. పైగా అక్కడి లెక్కలో ఆస్ప్రేలు, పిల్లి గద్ద తెగవి, కెస్ట్రెళ్ళు, పెరెగ్రిన్లు, పెద్ద గద్దలు అన్నీ ఉంటాయి. అంటే కొండ పేరులోని హాక్ ఒక జాతి పేరు కాదు, అన్నిటినీ కలిపి చెప్పే పేరు. తెలుగులో ఆ బరువు మోయగలిగిన మాట గద్దే.

ఈ పేర్ల గందరగోళం పండితుల తగవు మాత్రమే కాదని ఆ కొండ చరిత్రే చెబుతుంది. 1929లో పెన్సిల్వేనియా ప్రభుత్వం గాస్‌హాక్ అనే ఒక్క డేగ తలకు 5 డాలర్ల బహుమానం ప్రకటించింది. తుపాకులు పట్టుకుని శిఖరం మీద కూర్చున్నవారు జాతిని చూసి కాల్చలేదు. రెక్క వంపు కనిపించిన ప్రతి పక్షినీ వందల సంఖ్యలో కూల్చారు. ఆ కళేబరాల ఫొటోలు చూసి రోజలీ ఎడ్జ్ అనే మహిళ 1934లో ఆ కొండను కౌలుకు తీసుకుని, మారిస్ బ్రూన్ అనే ఆయనను కాపలాకు నియమించింది. తుపాకుల స్థానంలో కాగితం, పెన్సిలు వచ్చాయి. జాతి, వయస్సు విడివిడిగా రాసిపెట్టిన ఆ లెక్కలు తరువాతి కాలంలో ఎంత పనికివచ్చాయంటే, 1935–39 నడుమ దాటిన తెల్లతల గద్దల్లో 40 శాతం లేత వయసువి కాగా 1955–59 నాటికి అవి 20 శాతానికి పడిపోయాయన్న సంగతిని అమెరికన్ రచయిత్రి రేచెల్ కార్సన్, పురుగుమందుల వల్ల పక్షుల సంతానం తగ్గిపోతోందన్న తన విమర్శలో 1962లో సాక్ష్యంగా చూపగలిగారు. కొండ మీద అన్నిటినీ కలిపి ‘గద్దలు’ అని ఊరుకుని ఉంటే ఈ సాక్ష్యం దొరికేది కాదు. కనుక శీర్షికలో గద్ద, లోపల జాతుల పేర్లు అనే పద్ధతి మీరు పాటించడం మంచిది.

రెండో సందేహానికి జవాబు సులువు. మన పల్లెల్లో ‘గద్దలు గిరికీలు కొడుతున్నాయి’ అంటారు. మధ్యాహ్నపు ఎండకు నేల వేడెక్కి, ఆ వేడిగాలి స్తంభంలా పైకి లేస్తుంది. పక్షులు రెక్క ఆడించకుండా అందులో చుట్టూ తిరుగుతూ ఎత్తుకు చేరతాయి. ఆ తిరుగుడే గిరికీ. ఆ గుంపును కూడా ‘గిరికీ’ అనడం ఏమీ బలవంతం కాదు. ‘సుడి’ అనమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. గోదావరి ఒడ్డున పుట్టినవారికి సుడి కిందికి లాగేది. ఇక్కడి గాలి పైకి ఎత్తేది. లెక్కపెట్టేవారు గిరికీలో ఉన్నప్పుడు పక్షుల్ని లెక్కించరు, ఎందుకంటే ఒకే పక్షి రెండుమూడు సార్లు కళ్ళముందుకు వస్తుంది. స్తంభం పైకొసకు చేరిన తరువాత అవి రెక్కలు చాచి ఒకదాని వెనుక ఒకటిగా దక్షిణానికి జారుకుంటాయి. ఆ వరుస కదిలినప్పుడే చేతిలోని మీట నొక్కుతూ లెక్క వేస్తారు. కొండవాలుకు గాలి తగిలి పైకి మళ్ళే రోజుల్లో, ముఖ్యంగా చలిగాలి తెర దాటిన తరువాత వాయవ్యపు గాలి వీచే రోజుల్లో, గిరికీ కట్టకుండానే శిఖరాన్ని ఒరుసుకుంటూ పోతాయి.

మరొక సభ్యుని మాట (భీమవరం నుంచి)

మాష్టారు గారికి నమస్కారం. మీరు చూపిన పేర్ల పద్ధతి బాగుంది గాని, మా ప్రాంతంలో డేగ అనే మాట ఈనాటికీ ఎక్కువగా వినబడేది సంక్రాంతి బరుల దగ్గర. ఎర్రటి ఈకల పుంజును డేగ అంటాం, నల్లనిది కాకి, తెల్లనిది సేతు. కలగలుపు రంగుల్లో కాకిడేగ కూడా ఉంది. ఈ వాడుకను బట్టి డేగ అంటే వృత్తి కన్నా రంగు అనిపించడం లేదా? అలాగైతే ఇటుకరంగు రెక్కలతో మా రేవుల దగ్గర తిరిగే గరుడపక్షిని కూడా డేగ అనవలసి వస్తుంది. అలా మాత్రం ఎవరూ అనరు. ఈ చిక్కు విడదీయాలని కోరిక. ఇంకొకటి: శరదృతువు చివర నాగాలాండ్ మీదుగా వచ్చే ఆముర్ ఫాల్కన్ గురించి పత్రికలు కొన్ని ‘డేగ’ అనీ, కొన్ని ‘గద్ద’ అనీ రాస్తున్నాయి. మీ సూత్రం ప్రకారం అది ఏది?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

అయ్యా, మీ మొదటి చిక్కును మీరే విప్పారు. గరుడపక్షి అంత ఎర్రగా ఉన్నా దాన్ని డేగ అనడం లేదంటే, బరిలోని డేగ పుంజు పేరు, ఆకాశంలోని డేగ పక్షి పేరు రెండూ ఇప్పుడు వేరువేరు దారుల్లో నడుస్తున్నాయన్నమాట. పుంజుల పేర్లలో కాకి, నెమలి, డేగ మూడూ పక్షుల నుంచి అరువు తెచ్చుకున్నవే. అరువు తెచ్చేటప్పుడు ఈకల పోలిక మాత్రమే చూశారు, వేట పోలిక చూడలేదు. జాలె డేగ రొమ్ము మీద అడ్డంగా ఎర్రమట్టి చారలు ఉంటాయి కనుక ఆ పోలిక మొదట అక్కడ నుంచే తీసుకున్నారని నేను ఊహించగలను గాని, దానిని రుజువుగా మీ ముందు పెట్టను. నా వాదానికి ఆ ఊహ అవసరం కూడా లేదు. నెమలి అనే పుంజు ఉన్నంతమాత్రాన నెమలికి అర్థం రంగు అయిపోదు కదా.

రెండో ప్రశ్న నిజంగా గట్టిది. ఆముర్ ఫాల్కన్ రెక్కల కొనలు కూచిగా ఉంటాయి, శాస్త్రజ్ఞుల లెక్కలో అది పెరెగ్రిన్‌కు దగ్గర చుట్టం. అందువల్ల డేగ అనబుద్ధవుతుంది. కాని భైరి డేగ చేసే పని అది చేయదు. పావురం కన్నా చిన్నదైన ఆ పక్షి సైబీరియా, ఈశాన్య చైనా ప్రాంతాల నుంచి బయలుదేరి, నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర అక్టోబరు, నవంబరు నెలల్లో లక్షల సంఖ్యలో ఆగి, ఎగిరే చెదలను తిని కొవ్వు పట్టి, ఆ తరువాత మన ద్వీపకల్పాన్నీ అరేబియా సముద్రాన్నీ దాటి ఆఫ్రికా దక్షిణ భాగానికి చేరుతుంది. 2012లో అక్కడ వలలు పన్ని వాటిని విపరీతంగా పట్టి చంపిన వార్త దేశమంతా పాకింది. మరుసటి సంవత్సరమే ఊరి పెద్దలు పూనుకుని ఆ వేటను ఆపించారు. అదే 2013 నవంబరులో అక్కడి పాంగ్తి అనే ఊరి దగ్గర మూడు పక్షులకు ఉపగ్రహ పరికరాలు అమర్చి, వాటికి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టి దారి గమనించారు. అది పురుగుల్ని గాలిలోనే పట్టి తినేదే గాని, పిట్టల మీద గురిపెట్టి పడేది కాదు. దాని సోదర జాతియైన కెస్ట్రెల్‌ను మన పూర్వులు డేగ అనలేదు, తొండలదూసి గద్ద అన్నారు. ఆహారం పేరు ముందు చేర్చి గద్ద అనడమే వారి మర్యాద. ఆ మర్యాదనే పాటిస్తే, తొలకరి వాన వెలిసిన సాయంత్రాల్లో దీపాల చుట్టూ మూగే ఎగిరే చెదలను మనం ఉసిళ్ళు అంటాం కనుక, ఆముర్ ఫాల్కన్‌ను ‘ఉసిళ్ళ గద్ద’ అనవచ్చును. ఈ పేరు నేను కట్టినదే. నచ్చకపోతే ఆముర్ గద్ద అనండి, అంతే కాని ఆముర్ డేగ మాత్రం అనవద్దని నా మనవి.

అమ్మా, మీ వ్యాసానికి శీర్షిక ‘గద్దల కొండ’ అని పెట్టి, మొదటి వాక్యంలోనే హాక్ మౌంటెన్ అనే పేరును తెలుగు లిపిలో ఒకసారి ఇవ్వండి. డేగ అనే మాటను షార్ప్ షిన్డ్, కూపర్స్, గాస్‌హాక్ అనే మూడు జాతుల దగ్గర మాత్రమే వాడండి, ఎందుకంటే పొట్టి గుండ్రని రెక్కలు, పొడుగాటి తోకతో చెట్ల నడుమ దూసుకుపోయి పిట్టల్ని కొట్టే జాలె డేగ తెగవి అక్కడ ఆ మూడే. పెరెగ్రిన్ వచ్చినచోట భైరి డేగ అనండి. ఐదు డాలర్ల బహుమానం సంగతి రాసేటప్పుడు కూడా, బహుమానం ప్రకటించింది డేగ మీద, చచ్చినవి గద్దలు అని రాస్తే పిల్లలకు విషయం వెంటనే అర్థమవుతుంది.